ఉమామి అనే మాట ఎక్కడిది? తెలుగులో ఏమనాలి?

"ఉమామి ఇంగ్లీషు మాటేనా, తెలుగులో దానికి పేరుందా?" అని అడిగారు. తీపి, పులుపుల్లాగే ఉమామి కూడా ఒక రుచి పేరు. మాట జపాన్‌ది, ఇంగ్లీషు అరువు తెచ్చుకుంది. జపనీస్‌లో 'ఉమై' అంటే రుచిగా ఉందని. దానికి 'మి' చేరిస్తే ఉమామి. పప్పు కమ్మగా ఉంది అంటామే, అంత మామూలు మాట. దానికి ఒక్క రుచినే అర్థంగా ఖాయం చేసింది టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా, 1908లో.

కొంబు అనే సముద్రపు నాచుతో జపాన్‌వాళ్లు దాషి అనే చారు కాస్తారు. దాని రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదు వీటిలో దేనికిందికీ రాదు. అదేమిటో తేల్చాలని ఇకెడా కొంబు సారం తీసి, అందులోని తియ్యని పదార్థం మానిటాల్‌నీ మామూలు లవణాలనీ స్ఫటికాలుగా వేరుచేసి, మిగిలినదాంట్లోంచి సీసంతో అవక్షేపం చేసి, అంటే ఘనరూపంలో అడుగుకు దింపి, గ్లుటామిక్ ఆమ్లం రాబట్టాడు. తమాషా ఏమిటంటే ఆ ఆమ్లం నాలుక మీద పుల్లగా ఉంటుంది! 1866లోనే జర్మన్ శాస్త్రవేత్త రిట్‌హౌజెన్ గోధుమలోని జిగురు ప్రొటీన్ గ్లూటెన్ నుంచి ఇదే ఆమ్లం తీశాడు, కానీ రుచి గుట్టు బయటపడలేదు. ఆమ్లాన్ని లవణంగా మారిస్తేనే ఆ కమ్మదనం వస్తుంది. సోడియం లవణం తేలిగ్గా కరుగుతుంది, చక్కగా స్ఫటికం కడుతుంది. 1909లో అజినమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది అదే. మన ఫ్రైడ్ రైస్ బళ్ల మీద టేస్టింగ్ సాల్ట్ కూడా అదే.

ఉమామిని 'మాంసపు రుచి' అని తెలుగు చేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పుట్టిందే నాచులో, పండిన టమాటాలో పుష్కలంగా ఉంది, ఇంక మాంసం ప్రసక్తి ఎందుకు? నా మటుకు 'కమ్మదనం' అనే అంటాను. కమ్మని వాసన, కమ్మని పాట కూడా ఉన్నాయి కదా, అర్థం వదులుగా ఉంది అంటారు. ఇకెడా చేపట్టేనాటికి ఉమామీ అంతే వదులు.

మన షడ్రుచుల్లో ఇది లేదు, నిజమే. అనుమానముంటే చేసి చూడండి. పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో అర గ్రాము టేస్టింగ్ సాల్ట్ కలిపి పుక్కిలించండి. ఉత్తదే అయితే కాస్త వెగటుగా, నాలుకంతా పరుచుకుని చాలాసేపు ఉంటుంది. అందులోనే ఒక గ్రాము ఉప్పు వేయండి, చారులా కమ్మబడుతుంది. టేస్టింగ్ సాల్ట్ మాత్రం పెంచకండి, ఎక్కువైతే మొహం మొత్తుతుంది.