నవల నచ్చిందని రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ట్రావిస్ బాల్డ్రీ 2022లో మొదట సొంతంగా వెలువరించిన ‘లెజెండ్స్ అండ్ లాటేస్’ అనే ఫాంటసీ నవల నీకు ఎంత నచ్చిందో తెలుస్తూనే ఉంది కాని, ఎందుకు నచ్చిందో తెలియడం లేదు. ‘హాయిగా ఉంది’, ‘మనసుకు హత్తుకుంది’ అన్న మాటలు తొమ్మిది చోట్ల కనిపించాయి. వాటన్నిటినీ కొట్టేసి, మిగిలినదానితో మొదలుపెట్టు.

ఆశావహమైన కథ గురించి రాసేటప్పుడు ముందు అందులోని కష్టాన్ని లెక్కగట్టాలి. కత్తి పట్టి బతికిన వివ్ అనే ఆర్క్ స్త్రీ (ఆర్క్‌లంటే ఫాంటసీ కథల్లో కనిపించే భారీకాయుల జాతి) ఆ పని మానుకొని, థూన్ నగరంలో పాత గుర్రపుశాల కొని, కాఫీ అంటే ఏమిటో ఎరుగని జనం మధ్య కాఫీ దుకాణం తెరవడాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పొద్దున్నే కాఫీ గొంతు దిగనిదే మాట పెగలని ఇళ్ళలో పెరిగిన మన పాఠకులకు, ఎవరూ అడుగుపెట్టని ఆ దుకాణం ఎంత వింతగా ఉంటుందో ఆలోచించి, అక్కడ కాసేపు ఆగు. తన అదృష్టమంతా నేలకింద దాచిన శిలదేనని నమ్మిన వివ్‌కు, దుకాణం కాలిపోయి ఆ శిల చేజారిన తరువాత, చుట్టూ ఉన్నవాళ్ళే వచ్చి తోడు నిలిచిన ఘట్టం నీ వ్యాసంలో అసలు లేదు. కథ బయటపడుతుందని వెనకాడావు కాబోలు. ఈ నవలను ముగింపు తెలుసుకోవడానికి ఎవరూ చదవరు.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వలపుతో వశపరచుకునే దయ్యాలని కథల్లో పేరుపడ్డ సక్యుబస్ జాతికి చెందిన టాండ్రిని, వివ్ దుకాణంలో పనిచేసే ఆమెను, నువ్వు ‘మోహిని’ అన్నావు. జాతి పేరు వినగానే జనం తన స్వభావాన్ని తేల్చేసుకోవడమే కదా ఆమె బాధ! మోహిని అనగానే మన చెవికి వినిపించేది వలపు, వంచన. ఆ ఒక్క మాటతో నువ్వూ ఆమెను అపార్థం చేసుకున్నవాళ్ళ సరసన చేరావు. ఆర్క్‌ను ‘రాక్షసి’ అన్నా ఇదే చిక్కు. పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచి వాళ్ళ పని చూపించు: పలక మీద టాండ్రి అందంగా రాసే అక్షరాలు, వడ్రంగి కాల్ ముక్తసరి మాటలు, ఎలుక జాతివాడైన థింబుల్ కాల్చి తీసే దాల్చినచెక్క రొట్టెలు.

వివ్, టాండ్రిల మధ్య ఉన్నది ‘గాఢమైన స్నేహం’ అని రాశావు. అది ప్రేమ, ‘ప్రేమ’ అనే రాయాలి. చాలా ఏళ్ళ కిందట ఒక సమీక్షలో ఇద్దరు స్త్రీల ప్రేమ గురించి నేను రాసిన చోట, నాతో చెప్పకుండా ‘ఆత్మీయత’ అని మార్చి అచ్చువేశారు. నేను మొహమాటపడి ఊరుకున్నాను, అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. అయితే దాని మీద రెండు పేజీల ఉపన్యాసమూ వద్దు. రచయిత ఆ ప్రేమను సంచలనం చేయకుండా, పక్కపక్కన నిలబడి పనిచేసే రోజుల్లోంచి నెమ్మదిగా పెరగనిచ్చాడు; నీ వాక్యమూ అంతే నెమ్మదిగా నడవాలి.

ఒక లోపమైనా చెప్పు. మామూళ్ళు వసూలు చేసే ముఠా నాయకురాలు వారంవారం రొట్టెలు పంపితే చాలునని సరిపెట్టుకోవడం నాకు మరీ సులువనిపించింది. నీకలా తోచకపోతే, ఎందుకు తోచలేదో రాయి.

తిరగరాసింది ఆదివారంలోగా పంపు. ఈసారి మొదటి వాక్యంలో ఆ ఖాళీ దుకాణాన్ని చూడాలని ఉంది. అన్నయ్యను అడిగానని చెప్పు.