మోకీలు ఆపరేషన్ అయి మూడు వారాలైనా రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి.. ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. మూడు వారాల కిందట కుడి మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ చేశారు. పగలు ఫర్వాలేదు గానీ రాత్రయితే నొప్పితో నిద్రపోవట్లేదు. నొప్పి మాత్రలతో కిడ్నీలు పాడవుతాయని భయపడి, ఇక తట్టుకోలేననుకున్నప్పుడే వేసుకుంటోంది. ఫిజియోథెరపిస్ట్ వస్తే ‘ఇవాళ వద్దు బాబూ’ అని పంపించేస్తోంది. ఆపరేషన్ ఫెయిలయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఫెయిలయినట్టేమీ లేదు. ‘చిప్ప మార్చారు’ అని అందరూ అంటుంటారు గానీ, నిజానికి చిప్పను తీసేయం. తొడ ఎముక, కాలి ఎముక కలిసేచోట అరిగిన అంచులను కోసి లోహపు తొడుగులు వేస్తాం, మధ్యలో ప్లాస్టిక్ అమరుస్తాం. అంత పని జరిగిన కాలు మూడు వారాలకే ఊరుకోదు. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. వాపు, వెచ్చదనం ఇంకొన్ని నెలలు ఉండొచ్చు. కుట్ల పక్కన మొద్దుబారడం, నడుస్తుంటే టక్‌టక్‌మనడం కూడా మామూలే.

నాకు అసలు ఆందోళన ఫిజియోథెరపిస్ట్‌ను వెనక్కి పంపడం గురించే. మొదటి ఆరు వారాల్లో వంపు రాకపోతే కీలు బిగుసుకుపోతుంది, తర్వాత మత్తు ఇచ్చి కాలు వంచాల్సిన పరిస్థితి రావచ్చు. నొప్పి మాత్ర ఇచ్చేది ముఖ్యంగా ఈ వ్యాయామం చేయగలగడానికే. కాబట్టి నొప్పి ముదిరేదాకా ఆగొద్దు. ఫిజియో వచ్చే ముప్పావుగంట ముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి పడేలా వేళలు సర్దుకోమనండి.

కిడ్నీల భయం పూర్తిగా తప్పేం కాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదమే. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశాక, సర్జన్ చెప్పినన్ని రోజులే వాడాలి. పారాసెటమాల్ సంగతి వేరు. లివర్ జబ్బు లేకపోతే 650 మిల్లీగ్రాములది ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు మించకుండా ఇస్తుంటాం. చిక్కేమిటంటే, మెడికల్ షాపులో ‘కాళ్ల నొప్పులకు’ అని అడిగితే ఇచ్చే మాత్రల్లో చాలావరకు పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ లాంటివీ కలిపే ఉంటాయి. తెలియకుండా డోసు రెట్టింపవుతుంది. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. డాక్టర్ ట్రమడాల్ అనే నొప్పి మాత్ర రాసి ఉంటే మలబద్ధకం, తల తిరగడం ఉంటాయి. రాత్రి బాత్రూమ్‌కు ఒంటరిగా పంపొద్దు.

ఇంకో మాట. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెడుతున్నారా? దాదాపు ప్రతి ఇంట్లోనూ చూస్తుంటాను. అలా పెడితే కాలు వంగిపోయి అక్కడే స్థిరపడుతుంది. దిండు మడమ కింద పెట్టండి, మోకాలు చాపుగా ఉండాలి. పగలంతా కాలు వేలాడేసి కూర్చుంటే వాపు చేరి రాత్రికి నొప్పి ఎక్కువవుతుంది. మధ్యమధ్య కాలు ఎత్తులో పెట్టి, ఐస్ ముక్కలను పొడి గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు కాపడం పెట్టండి. వేడి కాపడం, నూనె మర్దన ఇప్పుడు వద్దు.

పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి నీరు కారినా, తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి పెరిగినా అదే రోజు సర్జన్‌కు చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

చీము పడుతుందని పప్పు, వంకాయ, గుడ్డు మాన్పించి చారన్నం పెడుతున్నారేమో కూడా చూసుకోండి. గాయం మానడానికి, తొడ కండ బలపడటానికి ప్రొటీన్ కావాలి. షుగర్ అదుపులో ఉంచుతూ పప్పు, పెరుగు, గుడ్డు రోజూ పెట్టండి.