మ్యాగ్నెట్ ప్రింట్ చేయబోయే ముందు

చిన్నా,

త్రీడీ ప్రింటర్‌తో నియోడిమియం మ్యాగ్నెట్లు చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగావు కదా. ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకో. ఆకారం తీసుకురావడం పెద్ద పనేం కాదు, ఆ ఆకారంలో అయస్కాంత బలం నిలబెట్టడమే అసలు పని. కొత్తగా వచ్చినవాళ్లు వంపులు, రంధ్రాలు ప్రింట్ చేసి ఫొటోలు తీసుకుంటారు గానీ, ఎవరో ఒకరు అడిగేదాకా బీహెచ్ కర్వ్ (మ్యాగ్నెట్ బలం ఎంతో, ఎదురు ఫీల్డ్‌కు ఎంతవరకు నిలబడుతుందో చూపే గీత) జోలికి వెళ్లరు. నువ్వలా చేయకు.

ఒకసారి నాతోపాటు లెక్క వెయ్యి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే అయస్కాంత బలం 1.6 టెస్లా (ఆ బలాన్ని కొలిచే యూనిట్) దాకా వస్తుంది. ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడేది కరిగించి గబుక్కున చల్లార్చిన పొడి, అందులో స్ఫటికాలు తలో దిక్కుకు చూస్తుంటాయి కాబట్టి దాదాపు సగమే, అంటే 0.8 మిగులుతుంది. దాన్ని నైలాన్‌లో కలిపి, ఘనపరిమాణంలో పొడి 65 శాతం పట్టించావనుకో, ఇంక 0.52. 2016లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు నైలాన్-12లో సరిగ్గా అంతే పొడి కలిపి పెద్ద ప్రింటర్ మీద తీస్తే 0.51 వచ్చింది, ఎనర్జీ ప్రొడక్ట్, అంటే మ్యాగ్నెట్ ఎంత శక్తి పట్టి ఉంచగలదో చెప్పే కొలత, ఘనపు మీటరుకు 43 కిలోజౌల్స్. సింటరింగ్ చేసిన, అంటే పొడిని నొక్కి బాగా వేడిచేసి గట్టిపరిచిన మేలురకం మ్యాగ్నెట్‌కు ఇదే కొలత 400 దాటుతుంది. ఇందులో ప్రింటర్ తప్పేమీ లేదు, పొడి ఎంచుకున్నప్పుడే ఫలితం చాలావరకు తేలిపోయింది. అందుకే మెషీన్ గురించి ఆలోచించేముందు నీ పనికి ఎంత ఫీల్డ్ కావాలో, ఎంత వేడి తట్టుకోవాలో కాగితం మీద రాసుకో. సెన్సర్లకైతే 0.5 టెస్లా భేషుగ్గా సరిపోవచ్చు. కారు మోటారుకైతే వేరే దారి చూడాలి.

లేజర్‌తో పొడిని నేరుగా కరిగిస్తే బైండర్ (పొడిని పట్టి ఉంచే నైలాన్ లాంటిది) గొడవ ఉండదు కదా అని ఆశ పుడుతుంది. కానీ అక్కడా మామూలుగా స్ఫటికాలు దిక్కు కుదిరి రావు, పైగా ఈ మిశ్రమం మహా పెళుసు, వేడెక్కి చల్లారే ఒత్తిడికి పగుళ్లిస్తుంది. వద్దనను, దాన్ని తర్వాత పట్టుకో.

ఇప్పుడు పొడి సంగతి, ఇక్కడ మాత్రం నా మాట తు.చ. తప్పకుండా విను. కొన్ని మైక్రాన్ల సన్నటి పొడి గాలి తగిలితే దానంతటదే అంటుకోగలదు. డబ్బా తెరవడం, తూకం, జల్లించడం అన్నీ ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లోనే, అంటే చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టెలోనే. మంట లేస్తే నీళ్లు పోయకూడదు, ఎండు ఇసుకో, లోహాల మంటలకు వాడే డి రకం ఎక్స్‌టింగ్విషరో చేతికందేలా ఉంచు. మాస్క్ తప్పదు. మంట రాకపోయినా గాలి తగిలి ఆక్సైడ్ పట్టిందంటే కోయర్సివిటీ, అంటే ఎదురు ఫీల్డ్‌కు లొంగకుండా నిలబడే గుణం, పడిపోతుంది, ఆ నష్టం కంటికి కనిపించదు. తెరిచిన ప్రతిసారీ డబ్బా మీద తేదీ రాయడం అలవాటు చేసుకో.

ప్రింటర్‌లో కరిగిన పదార్థం బయటికొచ్చే నాజిల్ ఇత్తడిది వద్దు, ఈ పొడి దాన్ని అరగదీసేస్తుంది, గట్టిపరిచిన స్టీల్ వాడు. పొడి శాతం పెంచేకొద్దీ ఫిలమెంట్, అంటే ప్రింటర్‌లోకి ఎక్కించే తీగ, పుల్లలా విరుగుతుంటుంది, అందుకని తక్కువ శాతంతో మొదలుపెట్టి మెల్లగా పెంచు.

ప్రింట్ అయ్యేదాకా మ్యాగ్నెటైజ్ చేయకు, చేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కూర్చుంటాయి. చివర్లో పల్స్ మ్యాగ్నెటైజర్ (క్షణకాలం బలమైన ఫీల్డ్ ఇచ్చే యంత్రం)తో 3 టెస్లా లేదా అంతకన్నా ఎక్కువ ఫీల్డ్ ఇవ్వాలి. అది వాడేటప్పుడు దగ్గర్లో ఇనుప పనిముట్లు ఉండకూడదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ గదిలోకే రానివ్వకు.

మొదటి ముక్క సాదా సిలిండర్ చెయ్యి చాలు. ఆర్కిమెడీస్ పద్ధతిలో, అంటే గాల్లో ఒకసారి, ద్రవంలో ముంచి ఒకసారి తూచి, సాంద్రత చూడు, లోపల గాలి బుడగలు ఎన్ని మిగిలాయో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత గది వేడిమి దగ్గర ఒకటి, 100 డిగ్రీల దగ్గర ఒకటి బీహెచ్ కర్వ్ తీసి, సాంద్రతతో పాటు నాకు పంపు. కూర్చుని చూద్దాం.