పాటలు దింపుకునే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఇంటర్నెట్ నుంచి ఊరికే పాటలు దింపుకుంటున్నావని, నాలుగు మాటలు చెప్పమని మీ అమ్మ ఫోను చేసింది. నిన్ను మందలించే అర్హత నాకు తక్కువే. కాలేజీ పిల్లలు చీటీ మీద రాసిచ్చిన పాటలను ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించి అమ్మిన దుకాణంలో ఎనిమిదేళ్లు కూర్చున్నవాణ్ణి నేను. సినిమా క్యాసెట్ కొంటే అందులో నచ్చేవి రెండే ఉండేవి కనుక, అరవై నిమిషాల క్యాసెట్‌లో తాము కోరిన పన్నెండు పాటలూ పట్టించుకోవడానికి వాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. మీకూ డబ్బొక్కటే కారణమని నేననుకోను. హాస్టల్ గదిలో సిగ్నల్ అందదు, రాత్రి రైల్లో అసలే అందదు, పాటకూ పాటకూ నడుమ ప్రకటన అడ్డుపడుతుంది, పైగా ఇవాళ యాప్‌లో ఉన్న పాట రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. నచ్చినది మన దగ్గరే ఉండాలనుకోవడం తప్పు కాదు. 1999లో అమెరికాలో, పాటల ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఒకరికొకరు ఊరికే పంచుకునే నాప్‌స్టర్‌ను మొదలుపెట్టిన షాన్ ఫానింగ్ కూడా కాలేజీ కుర్రాడే. 2001లో కోర్టు ఉత్తర్వుల వల్ల అది మూతపడింది.

ఇక్కడా 1957 నాటి కాపీరైట్ చట్టం జైలు శిక్ష దాకా వెళ్తుంది. అయితే నన్ను కుదిపింది శిక్ష కాదు, 2012 సవరణ. సినిమా పాటైనా సరే, హాలు బయట వినిపించే వాడకానికి రాసిన కవికీ, స్వరం కట్టినవారికీ రాయల్టీలో వాటా ఉండాలని అది చెప్పింది. మా దుకాణంలో క్యాసెట్ అట్ట మీద సినిమా పేరు, హీరో పేరు రాసేవాళ్లమే తప్ప కవి పేరు ఒక్కసారీ రాయలేదు.

అందుకని చందా కట్టిన యాప్‌లోనే ఆఫ్‌లైన్‌గా దాచుకో. చందా ఆగితే అవి తెరుచుకోవు కాబట్టి, ఎప్పటికీ కావాలనుకున్న కొన్నింటిని విడిగా కొనుక్కో. పాట అడిగితే ఏపీకే ఫైలు, అంటే ఫోనులో ఏదో యాప్‌ను ఎక్కించే ఫైలు, చేతిలో పెట్టే సైటు జోలికి మాత్రం పోవద్దు. నీ బ్యాంకు సందేశాలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. ఇంకొకటి, 320 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యతలో, నాలుగు నిమిషాల పాట దాదాపు తొమ్మిదిన్నర ఎంబీ ఉండాలి. అంత ఉన్నా, అది నాణ్యత తక్కువైన 128 కేబీపీఎస్ ఫైలు నుంచి ఉబ్బించినదైతే పోయిన వయొలిన్ నాదం తిరిగి రాదు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించిన పాటలాగే ఉంటుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ పాటల జాబితా కాగితం మీద రాసి తీసుకురా. ప్రతి పాట పక్కన కవి పేరు, స్వరకర్త పేరు ఉంటే ఈ ఏడాది చందా నేను కడతాను.

ఇట్లు,
మామయ్య