నాయనా, ఇల్లు కొనే ముందు నీళ్ల సంగతి చూడు

తిరుపతి

నాయనా,

మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు తిరుచానూరు వైపు ఇల్లు చూసినాడక్కా, అడ్వాన్స్ ఇస్తాడంట" అని చెప్పింది. ముప్పై ఏళ్లకే సొంతిల్లు! సంతోషం పట్టలేక మీ పెదనాన్నకు రెండుసార్లు చెప్పాను. "గ్రౌండ్ ఫ్లోరే, స్వర్ణముఖికి దగ్గర" అని తను అన్నప్పటి నుంచి మాత్రం నాకు నిద్ర పట్టడం లేదు.

లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల కాగితాలు), ఈసీ (ఇంటిమీద తాకట్లు, అమ్మకాలు ఏమున్నాయో చెప్పే సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్ లాయరుకు చూపించు. అది నీకు తెలిసిందే.

నాకు భయమంతా నీళ్ల గురించే. కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట అని మన ఊళ్లో పేర్లు వింటూనే పెరిగావు. గుంట అంటే ఏమిటో నీకు చెప్పాలా? 2021 నవంబరు వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ వీధిలో పాలు పోసేవాళ్లను, ఇస్త్రీ బండాయనను అడుగు. బ్రోకరును అడగొద్దు.

తర్వాత ఇన్సూరెన్స్. లోను ఫైల్లో ఒక పాలసీ కాగితం ఉంటుంది, అది చూసి ధీమాగా ఉండిపోవద్దు. చాలాసార్లు అది నీ ప్రాణానికి ఏమైనా అయితే అప్పు తీర్చే పాలసీ. ఇంట్లోకి నీళ్లొస్తే దానితో పైసా రాదు. 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఇంటి పాలసీ ఇవ్వాలని, ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. అందులో తుఫాను, వరద, ఇంట్లోకి నీళ్లు చేరడం అన్నీ ఉన్నాయి. నువ్వు పెట్టిన ధర మొత్తానికి పాలసీ అనుకోకు, స్థలం విలువ అందులో లెక్కలోకి రాదు. ఎన్ని చదరపు అడుగులు, మళ్లీ కట్టాలంటే అడుగుకు ఎంత అని చూస్తారు. సామాన్లకు బిల్డింగు మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా లిస్టు ఇవ్వకుండానే కవర్ అవుతుంది. ఇంట్లో నగలకు విడిగా రాయించాలి. నీ కారుకు దీనితో సంబంధమే లేదు, దాని పాలసీ దానిదే.

ఇక నేను చేసిన తప్పు విను. ఆ నవంబరు 18న మా ఎం.ఆర్.పల్లి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మా అత్తమ్మను మంచంతో సహా పైకెత్తి, మేడమీదికి చేర్చాం. తెల్లారితే కార్తీక పౌర్ణమి. నీళ్లు తగ్గేసరికి ఇల్లంతా అరచేయి మందాన బురద. అలాంటి ఇంట్లో దీపం ఎలా పెడతాను? మీ పెదనాన్న, "ఉండవే, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేద్దాం, వాళ్లు చూడాలి" అంటూనే ఉన్నాడు. నేనే కసిరాను. ఇద్దరు కూలీలను పెట్టించి బురద ఎత్తించాను. పరుపులు వీధిలో పడేయించాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. గోడలు కడిగించి, సున్నం కూడా కొట్టించాను.

నాలుగో రోజు నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చాడు. "నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయమ్మా, గుర్తు ఎక్కడ?" అన్నాడు. చూపించడానికి ఏదీ లేదు. ఒక్క ఫొటో లేదు, ఒక్క బిల్లు లేదు. ఆయన మంచివాడు, తనే బీరువా పక్కకు జరిపి చూశాడు. చీపురు అందని ఆ మూలలో, గోడమీద గోధుమరంగు గీత నిలిచి ఉంది. టేపు పెట్టి రెండున్నర అడుగులని రాసుకున్నాడు. గోడలకు, తలుపులకు కొంత వచ్చింది. పోయిన సామాన్లకు మేము అడిగిన దాంట్లో సగం కూడా రాలేదు. పక్కింటివాళ్లు బురదలోనే సెల్‌ఫోనుతో ఒక్కో వస్తువునూ ఫొటో తీసుకుంటుంటే నేను లోలోపల అసహ్యించుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

నీకు అలాంటిది జరగకూడదు నాయనా. జరిగితే మాత్రం ముందు మెయిన్ స్విచ్ ఆపు, పిల్లలను పైకి పంపు. నీళ్లు తగ్గిన వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లిచ్చే క్లెయిమ్ నంబరు రాసుకో. గోడమీది గీతకు స్కేలు పెట్టి ఫొటో తియ్యి. సర్వేయరు చూసేదాకా ఒక్కటీ బయటికి వెయ్యకు. బిల్లులు ఇప్పటినుంచే ఫోన్లో దాచుకో. వాళ్లు న్యాయం చేయకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫీజు లేదు.

నా బీరువా వెనక గీతను మాత్రం ఎన్నిసార్లు రంగులు వేసినా చెరపనివ్వలేదు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆదివారం ఒకసారి వచ్చి చూసిపో. పాలసీ ఫారం కూడా తెచ్చుకో. ఆ చిన్న అక్షరాలు ఇద్దరం కూర్చుని చదువుదాం. నీకిష్టమని ఉలవచారు పెడతాను.

నీ పెద్దమ్మ