ఆయన కుర్చీ వైపు చూడలేకపోతున్నాను

ప్రశ్న: విశాఖలో ఒక దినపత్రిక డెస్క్‌లో 14 ఏళ్లుగా సబ్ఎడిటర్‌ని. కిందటి నెల మా డెస్క్‌లో నలుగురిని తీసేశారు. అందులో నాకు పని నేర్పిన సీనియర్ ఒకరున్నారు. గురువుగారు అనే పిలుస్తాను. 2014లో హుద్‌హుద్ తుఫాను రాత్రి జనరేటర్ మీద పేజీలు ఎలా పెట్టాలో చూపించింది ఆయనే. ఆయన్ని పిలిచి రాజీనామా రాయించుకున్నారు. సాయంత్రానికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. మర్నాటి నుంచి ఆయన పేజీ నాకిచ్చారు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏం మొహం పెట్టుకుని మాట్లాడను? రాత్రి రెండింటి దాకా మేడ మీదే కూర్చుంటున్నారని వాళ్లావిడ మా ఆవిడతో అన్నారట. "మనకెందుకండీ, రేపు మీ పేరూ రాస్తారు" అంటోంది మా ఆవిడ. నాకు నిద్ర లేదు. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను.
- ఒక సబ్ఎడిటర్, మద్దిలపాలెం

జవాబు: ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేశారో మీరు రాయలేదు. ఒక్కసారేనా, ఇంకా చేస్తున్నారా? ఉత్తరంలో నేను మొదట వెతికింది అదే.

ఆ జాబితా మీరు తయారు చేయలేదు. ఆయన పేజీ మీరు అడిగి తీసుకోలేదు. వీటికి మీరు సిగ్గుపడాల్సిన పనిలేదు. ఫోన్ ఎత్తకపోవడం మాత్రం మీరు చేసిందే. దిద్దుకోగలిగిందీ అదొక్కటే. దాన్ని వదిలేసి, మీ చేతిలో లేనివాటి గురించి రాత్రంతా బాధపడుతున్నారు.

మా నాన్నగారు జూట్ మిల్లులో పనిచేసేవారు. ఒక షిఫ్టు ఎత్తేసి నాన్నతో సహా సగంమందిని ఆపేశారు. మిగిలినవాళ్లు సందులో ఎదురైతే తమ చెప్పులు చూసుకుంటూ వెళ్లిపోయేవారట. ఒక్కాయన మాత్రం ఎప్పటిలాగే ఆదివారం పేకాటకు వచ్చేవాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనేవాడు కాదు. పైగా ఆటలో తొండి కూడా! ఆయన పోయినప్పుడు మా నాన్న ఏడ్చినట్టు సొంత అన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

మీ డెస్క్‌లో ఇప్పుడు ఎవరెలా ఉండుంటారో ఊహించగలను. ఒకరు జోకులేస్తారు. ఒకరు అసలు నోరెత్తరు. ఇంకొకరు "వాళ్లు అప్‌డేట్ కాలేదండీ" అంటారు. అన్నిటికన్నా చెడ్డది ఈ మాటే. నాకు పని వచ్చు కాబట్టి నన్ను తీయరని తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి అనే మాట అది. ప్రకటనలు పేపరు వదిలి ఫోన్లలోకి పోయాయి. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు తగ్గాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక న్యూస్‌ప్రింట్ (పేపరు అచ్చేసే కాగితం) ధర మండిపోయింది. మీ గురువుగారికి హెడింగ్ పెట్టడం రాక ఇదంతా జరగలేదు. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికులను తీసేస్తే వార్త రాసే మీరు, పక్క కుర్చీ ఖాళీ అయితే ఒక్క లైను రాసుకోలేరు. మీ వృత్తిలో ఈ బాధ ఒకటి అదనం. అందుకే ఎవరితోనైనా నోటితో చెప్పుకోవాలి.

ఇక మేడ సంగతి. ఇన్నేళ్లుగా ఎడిషన్ వదిలాక గానీ పడుకోని మనిషికి పదింటికే నిద్ర రమ్మంటే ఎలా వస్తుంది? ఒళ్లు ఇంకా డ్యూటీలోనే ఉంది. అయినా ఇదే అయ్యుంటుందని ఊరుకోవద్దు. "ప్రాణం మీదకు తెచ్చుకునే ఆలోచన ఏమైనా వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన రాదు. ఔనంటే ఆయన్ని ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీ నిద్ర ఇంకో రెండు వారాల్లో దారిన పడకపోతే ఆ నంబరు మీక్కూడా.

డబ్బు మాట కూడా ఎత్తండి, ఆయన మొహమాటపడతారు. రాజీనామా రాసినా గ్రాట్యుటీ ఎక్కడికీ పోదు. తొలగింపు పరిహారం వేరు. పాత కార్మిక చట్టంలోనైనా, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనైనా, సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు జీతం లెక్క. రాజీనామా కాగితం చూపించి దాన్ని ఎగ్గొట్టే వీలుంది. ఒత్తిడి చేసి రాయించుకున్నారని చెప్పుకోవాలంటే ఆలస్యం చేయకుండా యూనియన్‌నో కార్మిక శాఖనో లాయర్‌నో కలవాలి. అక్రిడిటేషన్ కార్డు (జర్నలిస్టులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), దానితో ఉన్న హెల్త్ స్కీమ్ సంగతి కూడా కనుక్కోండి. రేపు మిమ్మల్ని పిలిచినా అక్కడికక్కడే సంతకం పెట్టకండి.

మీ ఆవిడ మీద విసుక్కోకండి. ఆవిడ నెల వాయిదాల గురించి భయపడుతోంది. జీతం ఆగితే ఎన్ని నెలలు నెట్టుకురాగలమో ఇద్దరూ కాగితం మీద లెక్క వేసుకోండి. ఆఫీసు ముందు జెండా పట్టుకోమని నేనూ అనడం లేదు. టీ తాగడానికి ఏ హెచ్‌ఆర్ అనుమతీ అక్కర్లేదు కదా!

క్షమాపణలతో మొదలుపెట్టకండి. అలా చేస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆయన మీదే పడుతుంది. ఈ రాత్రి పేజీలు వదిలాక, ఆయన ఎలాగూ మెలకువగానే ఉంటారు కాబట్టి, ఫోన్ చేసి ఇంతే అనండి: "గురువుగారూ, ఎడిషన్ అయిపోయింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీకి వస్తారా, నన్నే ఇంటికి రమ్మంటారా?"