బ్యాంకు కాదన్నప్పుడు: నగదా, క్రిప్టోనా?

“అన్నా, కారణం చెప్పకుండా మా రూమ్మేట్ ఖాతా మూసేశారు. ఒకటే టెన్షన్. నా డబ్బంతా క్రిప్టోలోకి మార్చేయనా? దాన్నెవరూ ఆపలేరట కదా?” అని డాలస్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

బిట్‌కాయిన్ వరకు ఆ మాట చాలామటుకు నిజమే. 2010 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ ప్రభుత్వాల రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ వెబ్‌సైటుకు వెళ్లే విరాళాలను ఆపేశాయి. కోర్టు తీర్పంటూ ఏమీ లేదు. మరుసటి ఏడు వికీలీక్స్ వాళ్లు విరాళాలుగా బిట్‌కాయిన్ తీసుకోవడం మొదలుపెట్టారు. నువ్వు కొనాలనుకునేది యూఎస్‌డీటీ, అంటే ఒక్కోటి ఒక డాలరు విలువకు కట్టిన క్రిప్టో అయితే మాత్రం కథ వేరు. దాన్ని జారీ చేసే టెథర్ కంపెనీ తలుచుకుంటే ఏ వాలెట్‌లో (క్రిప్టో ఖాతాలో) ఉన్నవాటినైనా ఫ్రీజ్ చేయగలదు, చేసింది కూడా. సరే, బిట్‌కాయినే కొన్నావనుకో. ఇంటి ఓనరు అద్దె డాలర్లలోనే అడుగుతాడు. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలో అమ్మితే ఆ డాలర్లు వచ్చి పడేది మళ్లీ బ్యాంకులోనే! అమ్మిన లెక్క అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు చెప్పాలి. ఏటా వేసే పన్ను రిటర్ను, అదే 1040 ఫారం, మొదటి పేజీలోనే క్రిప్టో గురించిన ప్రశ్న ఉంటుంది.

రేటు బాగుందని యూఎస్‌డీటీ ఇంటికి పంపే పని అసలే పెట్టుకోకు. మనవాళ్లు దాన్ని పీటూపీలో, అంటే నేరుగా మనిషికి మనిషి అమ్ముకునే చోట, ఎవరికో అమ్ముతారు. కొన్నవాడు వేసిన సొమ్ము ఏదో సైబర్ మోసానిదైతే, ఎక్కడో వేరే రాష్ట్రంలో నమోదైన కేసుకు గుంటూరులో నాన్నగారి ఖాతా ఫ్రీజ్ అవుతుంది. పెన్షన్ పడేదీ అందులోనేనాయె. సైబర్ పోలీసులకు ఆయన ఏమని చెప్పుకుంటారు?

నా ఓటు నగదుకే, అదీ కొద్దిగా. రెండు మూడు వారాల ఖర్చుకు సరిపడా ఇంట్లో ఉంచుకో. నోటు చేతులు మారడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. న్యూజెర్సీలోనూ న్యూయార్క్ నగరంలోనూ మామూలు దుకాణాలవాళ్లు నగదు వద్దనకూడదని చట్టమే ఉంది. అయితే ఒక్కసారే 10,000 డాలర్లకు మించి నగదు డిపాజిట్ చేస్తే బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్టు పంపుతుంది. పంపనీ, కష్టార్జితమైతే భయమెందుకు? ఆ రిపోర్టు తప్పించుకోవడానికి ఇవాళ ఆరు వేలు, ఎల్లుండి ఆరు వేలు అంటూ విడగొట్టి వేయడమే నేరం, డబ్బు సక్రమమైనదైనా సరే. విమానంలో తెచ్చినా, తీసుకెళ్లినా 10,000 దాటితే కస్టమ్స్‌లో చెప్పాలి. కుటుంబమంతా కలిసి వెళ్తుంటే అందరిదీ కలిపే లెక్క.

మిగతా డబ్బుకు ఇంకో బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్‌లోనో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకులాంటిది) రెండో ఖాతా ఇప్పుడే తెరువు. మీ రూమ్మేట్‌ను మాత్రం ముందు చెక్స్‌సిస్టమ్స్ రిపోర్టు తెప్పించుకోమను, ఉచితమే. ఖాతాదారుల పాత చరిత్రను బ్యాంకులు చూసుకునేది ఆ కంపెనీ దగ్గరే. అందులో తప్పుడు ఎంట్రీ ఉంటే కొత్త బ్యాంకు కూడా కాదనొచ్చు.